తొమ్మిది వరసలు, ఒక ఎర్ర ముడి

హిందూపురం నుంచి ధర్మవరానికి బస్సులో మూడు గంటల ప్రయాణం. నాకు రెండు రోజులు పట్టింది. మధ్యలో ఒక వాన, ఇరుసు విరిగిన ఒక బస్సు, ఒక టెలిఫోన్ బూత్, కడుపు నిండా రాగిసంగటి. ఈ దారిలో ఎప్పుడూ వెళ్ళని వాళ్ళకోసం, ముఖ్యంగా మా తెనాలి వైపు వాళ్ళకోసం ఇది రాస్తున్నాను. అనంతపురం జిల్లా అనగానే "అక్కడేముందే, రాళ్ళు తప్ప" అంటారు మావాళ్ళు. నేనూ అలా అన్నదాన్నే. అలా అన్నందుకు ఇప్పుడు చెంపలు వేసుకుంటూ రాస్తున్నాను.

ముందు ఎందుకు వెళ్ళానో చెప్పాలి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాసేదాన్ని. పట్టుచీరల అంచు బొమ్మల్ని టెలిఫోన్ తీగ మీద ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పంపడం మా పని. ఆ రోజుల్లో ఒక అంచు బొమ్మ పూర్తిగా పోవాలంటే గంట పైనే పట్టేది. యాభై తొమ్మిదో నిమిషంలో లైను తెగితే మళ్ళీ మొదటికి రావాలి. అందుకని బొమ్మను వీలైనంత కుదించి పంపాలి.

నేను ఎంచుకున్న ఉపాయం ఇది. కొత్త అంచు ఎప్పుడూ ఏదో ఒక పాత అంచుకు చెల్లెలే అయి ఉంటుంది. ఆ పాత అంచు కాగితం ధర్మవరంలో ఉండనే ఉంది, అక్కడి కంప్యూటర్లోకి ఎక్కించుకోవచ్చు. అలాంటప్పుడు బొమ్మంతా పంపడం దేనికి? పాతదాన్ని ముందు పెట్టుకుని కొత్తదాన్ని పోల్చుకోడానికి సరిపడా ఆనవాళ్ళు పంపితే చాలు. "మొన్న వెంకట్రావు గారి పెళ్ళిలో చేసిన వంటే, కాకపోతే వంకాయ బదులు దొండకాయ" అంటే వంటవాడికి జాబితా అంతా చదవక్కర్లేదు కదా.

చిక్కల్లా ఆ వంటవాడు ఆ పెళ్ళికి వచ్చాడో లేదో మనకు తెలియకపోవడం. వచ్చినా ఏం తిన్నాడో మరిచిపోయి ఉండొచ్చు. అవతలి ఊళ్ళో ఉన్న పాత కాగితం ఎంత చెరిగిందో, ఎక్కడ నలిగిందో పంపేవాళ్ళకు తెలియదు. నేను ఒక అంచనా వేసుకున్నాను: వరసకు రెండు మూడు గళ్ళకు మించి తేడా ఉండదని. అంతవరకు ఉంటే నా ప్రోగ్రాము సర్దుకుంటుంది. అంతకు మించి ఉంటే మాత్రం నోరు మూసుకుని కూర్చోదు. ఏదో ఒక బొమ్మ తయారుచేసి, ఇదే నీ అంచు అని ధీమాగా చూపిస్తుంది.

బొమ్మ సరిగ్గా తేలిందో లేదో చివర్లో సరిచూసే లెక్క ఒకటి మొదట్లో ఉండేది. అర నిమిషం కలిసొస్తుందని దాన్ని నేనే తీసేశాను. ఈ ప్రయాణం మొత్తం ఆ అర నిమిషం పుణ్యమే.

హిందూపురం: హంసలు

బెంగళూరు బస్సు దిగేసరికి పొద్దున ఎనిమిదయింది. హిందూపురంలో సగం మాట తెలుగు, సగం కన్నడం. టిఫిన్ బండి ఆయన నాకు చిత్రాన్నం ప్లేటు ఇచ్చి, ఆరు రూపాయలు అన్నాడు. పది ఇస్తే "చిల్లర దుడ్లు లేవాక్కా?" అన్నాడు. మా వైపు ఇలాంటి పులిహోరను పండగ రోజున దేవుడికి చూపించాక తింటాం. ఇక్కడ రోజూ పొద్దున్నే నిలబడి తినేస్తున్నారు. నాకు ఆ పద్ధతి బాగా నచ్చింది.

నంజుండప్ప గారి ఇల్లు పట్టుగూళ్ళ మార్కెట్టు వెనక సందులో. ఆయన అంచులు గీసే మనిషి. డెబ్బై దాటాయి. గళ్ళ కాగితం మీద ఎర్ర సిరాతో ఒక్కొక్క గడీ నింపుతూ హంసలు, మామిడిపిందెలు, రుద్రాక్షలు గీస్తారు. ఆ కాగితంలో ఒక్కో వరసకు ధర్మవరంలో ఒక్కో అట్ట కొడతారు. నిండిన గడి ఉన్నచోట అట్టకు ఒక బెజ్జం. ఆ అట్టల దండ మగ్గం మీద తిరుగుతుంటే అంచులో బొమ్మ తేలుతుంది.

ఆయనకు మా కంప్యూటర్ అంటే కోపం లేదు, ముచ్చటా లేదు. మొదటిరోజే అడిగారు: "ఫోన్లో పంపేదానికి ఇంత మంది యాలమ్మా? కాగితం చుట్టి కండక్టరు చేతికిస్తే మాపటికి చేరుతుంది గదా." రేపు సూరత్‌కు, సింగపూర్‌కు పంపాలంటే ఏ కండక్టరున్నాడని నేను గొంతు పెంచాను. పెంచి ఊరుకోకుండా, మా పరీక్ష అయ్యేదాకా ఇక్కడి నుంచి ఒక్క కాగితం కూడా ధర్మవరం బస్సెక్కడానికి వీల్లేదని హుకుం వేశాను. ఆయన తలూపారు.

నేను బస్సు దిగిన రోజుకు నాలుగు రోజుల ముందు కొత్త హంసల అంచు ఫోన్ మీద పంపాం. నూట ఇరవై వరసలు. పదకొండు నిమిషాల్లో పోయింది. బెంగళూరులో అందరం మిఠాయి తిన్నాం. ఇప్పుడు తర్వాతి బొమ్మకోసం మళ్ళీ వెళ్ళి కూర్చున్నాను. మాటల్లో ధర్మవరంలో ఉన్న పాత హంసల కాగితం మాట వచ్చింది.

"అది పోయినేడు వానకు నానిపోయెనమ్మా. రామాంజులు మళ్ళా గీసుకున్న్యాడు, గ్యాపకం మీద," అన్నారు నంజుండప్ప గారు, సిరా బుడ్డి మూత తిప్పుతూ.

జ్ఞాపకం మీద గీసిన కాగితం ఆధారంగా నా ప్రోగ్రాము కొత్త హంసల్ని తేల్చి చూపించింది. అందులో ఎన్ని గళ్ళు తప్పో దేవుడికే తెలియాలి. తప్పు అని చెప్పే లెక్క తీసేసిన ఘనురాలిని నేనే.

ఇక రామాంజులు సంగతి. ధర్మవరంలో మా హంసల అంచు నేయాల్సిన మనిషి. రెండేళ్ళు వేరేవాళ్ళ మగ్గం మీద కూలికి నేసి, ఆ నెలలోనే సొంత ఇంట్లో గుంట తవ్వి మగ్గం దించుకున్నాడు. షావుకారు మూడు చీరలకు సరిపడా పట్టు పడుగు, అంటే నిలువు పోగులు, ఇచ్చాడు. మొదటి చీరలో అంచు చెడితే పడుగు కోసి పట్టుకుపోతాననీ, మళ్ళీ ఆ గడప తొక్కననీ ముందే చెప్పాడట. అదంతా మా పరీక్షకు ఒప్పుకున్న రోజున రామాంజులే నవ్వుతూ చెప్పాడు. నవ్వుతూ చెప్పినా నాకు గుర్తుండిపోయింది.

ఫోన్ తిప్పాను. ధర్మవరం లైను చచ్చిపోయి ఉంది. మూడుసార్లు తిప్పాను. వానలకు కేబుల్ పోయిందని ఎక్స్ఛేంజిలో ఎవరో చెప్పారు. ఇక కూర్చుంటే లాభం లేదని లేచాను.

నంజుండప్ప గారు లోపలికి వెళ్ళి కొత్త హంసల అసలు కాగితాన్ని పేపర్లో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టారు. నలభై ఏళ్ళలో ఆయన గీసిన ఏ అసలు కాగితమూ ఇల్లు దాటలేదట. ఎప్పుడూ నకలే పోతుంది. "ఉండమ్మా, ఇంగొక మాట. దారం..." అన్నారు. దారం సంగతి తర్వాత పెద్దాయనా, బస్సు పోతుందని నేను గడప దాటేశాను. ప్యాసింజరు బండి అప్పటికే పోయింది.

బస్సు: వాన ఎవరిది

పెనుకొండ టికెట్టు పన్నెండు రూపాయలు. అక్కడ దిగి ఇంకో బస్సు ఎక్కాలి. ఊరు దాటాక మబ్బు పట్టింది. మళ్ళీ వాన మొదలైంది. కిటికీకి రెక్క లేదు. నా ఒడి తడుస్తోందని కాగితపు చుట్టను పైన సామాన్ల అరలో పెట్టాను. అక్కడ భద్రంగా ఉంటుందనుకున్నాను.

పక్క సీట్లో ఒక పెద్దావిడ, నల్లమాడ దగ్గరి పల్లె. ఒళ్ళో గోనెసంచి. నేను వానను తిట్టుకుంటున్నాను. ఆవిడ చేయి కిటికీ బయటపెట్టి అరచేతిలో నీళ్ళు పట్టుకుని చూసుకుంటోంది. నా తిట్లు విని తిరిగి, "యా ఊరమ్మా నీది?" అని అడిగింది. తెనాలి అన్నాను. కాలవలుంటాయి కదా అంది. ఉంటాయన్నాను.

"మీకు కాలవుండాది. మాకు ఇదే ఉండాది. తిట్టాకు తల్లీ, శెనిక్కాయ ఇప్పుడే పూతకొచ్చింది."

నాకు సిగ్గేసింది. ఆవిడ సంచిలోంచి వేయించిన శెనిక్కాయలు, మా వైపు వేరుశెనగలే, దోసెడు తీసి నా కొంగులో పోసింది. మా వైపు ముక్కూ మొహం తెలియని వాళ్ళకు ఇలా పెట్టాలంటే ముందు ఇంటిపేరు, ఆ తర్వాత ఊరు, ఆ తర్వాత ఎవరి తాలూకో తేలాలి. ఇక్కడ తిట్టి మరీ పెట్టారు.

పెనుకొండ కొండ కనిపిస్తోందనగా బస్సు కింద పెద్ద చప్పుడైంది. డ్రైవర్ దిగి చూసి, ఇరుసు అన్నాడు. ఆ మాట విని ఒక్కరూ విసుక్కోలేదు. వానలో తడుస్తూ నవ్వుకుంటూ దిగిపోయారు. నేను పైనుంచి చుట్ట తీసుకున్నాను. బరువుగా తగిలింది. బస్సు కప్పు కారి, అరలో నీళ్ళు నిలిచి, చుట్ట ఒక కొస అందులో నానుతోంది.

పెనుకొండ: రెండు రింగులు

తడుస్తూ నడిచి ఊళ్ళోకి చేరాను. బస్టాండు ఎదురుగా ఒక ఫోన్ బూత్. పసుపుపచ్చ బోర్డు. లోపల మార్తమ్మ గారు. యాభై ఏళ్ళుంటాయి. తెల్లచీర, మెడలో చిన్న శిలువ. నేను నీళ్ళోడుతూ లోపలికి పోయి ధర్మవరం నంబరు తిప్పమన్నాను. తిప్పింది. లేదంది. మళ్ళీ తిప్పమన్నాను. "ఎన్నిసార్లు తిప్పినా సచ్చిన లైను లేచి రాదమ్మా," అని నా మొహం చూసి, ముందు కూర్చోమంది.

చుట్ట విప్పాను. ఒక మూల ఎర్ర సిరా కరిగి పక్క గళ్ళలోకి పాకింది. ఒక హంస ముక్కు ఎక్కడ ముగుస్తుందో తెలియడం లేదు. నలభై ఏళ్ళలో మొదటిసారి ఇల్లు దాటిన అసలు కాగితాన్ని, దాటించిన రోజే తగలేశాను. అక్కడే ఏడ్చేసి ఉండేదాన్ని. కానీ మార్తమ్మ గారు బల్ల మీద గోనెపట్టా పరిచి, కాగితాన్ని దాని మీద వేసి, టేబుల్ ఫ్యాను తిప్పింది. తర్వాత పక్క బండి నుంచి ఉగ్గాని, మిరపకాయ బజ్జి తెప్పించింది. రెండూ కలిపి ఐదు రూపాయలే. మరమరాలు నానబెట్టి తాలింపు వేస్తారు. నేను మొదట ఉప్మా అనుకున్నాను. బజ్జి కొరికాక కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఏడుపుకు ఒక సాకు దొరికింది.

వాగులు పొంగాయి, మళ్ళీ బస్సు తెల్లారాకే అన్నారు. వాళ్ళింట్లోనే ఉండిపొమ్మంది మార్తమ్మ గారు. బూత్ మూసేదాకా అక్కడే కూర్చున్నాను. అక్కడ నాకొక పాఠం అయింది.

బెంగళూరుకు కూలికి పోయినవాళ్ళు ఈ బూత్‌కు ఫోన్ చేస్తుంటారు. పల్లెల్లో ఫోన్లు లేవు. మాట్లాడితే ఖర్చని చాలామంది మాట్లాడరు. రెండు రింగులిచ్చి పెట్టేస్తే క్షేమం అని అర్థం. మూడైతే ఇంట్లోవాళ్ళను రేపు ఇదే వేళకు బూత్ దగ్గరికి రమ్మని. రింగులు ఎవరివో తెలియాలి కదా, అందుకని ఒక్కో ఇంటికి ఒక్కో వేళ. ఇదంతా మార్తమ్మ గారి నోట్‌బుక్కులో ఉంది. నేను నోరు తెరిచి చూశాను. నేను డిగ్రీలు చదివి చేస్తున్న పని అదే. అవతలివాళ్ళకు ముందే తెలిసినదాని మీద ఆనుకుని, అతి తక్కువ పంపడం.

అయితే ఒకసారి తప్పు జరిగిందట. ఆమడగూరు వైపు గొర్రెలు కాసే ఇంటివాళ్ళ కొడుకు ఊరెళ్ళబోయేముందు ఒప్పందం మార్చుకున్నాడు, రెండు రింగులంటే జబ్బు చేసిందని. ఆ సంగతి అవ్వకు చెప్పాడు. అవ్వ మరిచిపోయింది. వారం రోజులు రెండేసి రింగులు వచ్చాయి. ఇంట్లో అందరూ క్షేమమనుకుని నిమ్మళంగా ఉన్నారు. ఆ అబ్బి బతికి బయటపడ్డాడు కాబట్టి సరిపోయింది.

"ఆపొద్దు నుంచి నేను ఎవరినీ నమ్మనమ్మా," అంది మార్తమ్మ గారు. "ఊరికి పోయే ముందర పోయేవాన్నీ, ఇంట్లో మనిషినీ ఇద్దరినీ ఈడికి పిలిపిస్తా. చెప్పిందంతా తిరిగి చెప్పాల్సిన పని లేదు. కడాకు ఒక మాట అడుగుతా. రెండంటే ఏమి? ఇద్దరి నోట్లో ఒకే మాట రావాల. అంతే."

ఆ 'అంతే'కు పట్టేది అర నిమిషం. నేను మిగుల్చుకున్నదీ అంతే.

వాళ్ళింట్లో రాత్రి భోజనం రాగిసంగటి, ఊరుబిండి. ఊరుబిండి అంటే శెనిక్కాయలు, ఎండుమిరపకాయలు కలిపి నూరిన పచ్చడి. సంగటి ముద్దను నమలకూడదని, వేలితో తుంచి పచ్చడిలో అద్ది మింగాలని నేర్పించారు. నేను నమిలాను. అందరూ నవ్వారు. తినేముందు ఆమె భర్త కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. వాన ఇచ్చినందుకు స్తోత్రం చెప్పి, చివర్న "ఈ మేడమ్ కాగితాన్ని కూడా కాయి ప్రభువా" అన్నాడు. నేను పెద్ద భక్తురాలిని కాను. అయినా ఆ పూట ఆమెన్ అన్నాను, గట్టిగానే.

ప్యాసింజరు బండి

మర్నాడు పొద్దున బస్సుకంటే ముందే ధర్మవరం ప్యాసింజరు వచ్చింది. టికెట్టు ఎనిమిది రూపాయలు. కాగితం ఆరింది. ఈసారి గోనెపట్టాలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, చంటిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులూ వేసి కూర్చున్నాను. పక్కనున్నాయన దాంట్లో ఏముందని అడిగాడు. హంసలన్నాను. ఇంకేం అడగలేదు.

బయట ఎర్రమట్టి తడిసి కొత్తగా ఉంది. గుంటల్లో నీళ్ళు, చేలల్లో మనుషులు. పెట్టెలో అందరూ వాన మాటే చెప్పుకుంటున్నారు, ఎవరి ఊళ్ళో ఎంత పడిందో. నేను మాత్రం వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాను. బొమ్మ పంపి అయిదు రోజులు. అట్టలు కొట్టడానికి రెండు రోజులు. కొత్త పడుగు అతకడానికి ఇంకో రెండు. అంటే ఈపాటికి రామాంజులు నేత మొదలుపెట్టి ఉండాలి. చీర జానెడు నేసినా చెడినట్టే. అతను నవ్వుతూ చెప్పిన మాట చెవిలో తిరుగుతోంది. ఆ గుంట తవ్వుకున్నది నిన్నగాక మొన్న.

ధర్మవరం: మగ్గం చప్పుడు

స్టేషను బయట ఆటో అతను ఇరవై అడిగాడు. బేరమాడకుండా ఎక్కాను. నా జన్మలో అదొక్కసారే. నేతగాళ్ళ వీధిలో ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు. మామూలుగా వినడానికి ఎంతో బాగుంటుంది. ఆ రోజు ఒక్క ఇంట్లో మాత్రం నిశ్శబ్దంగా ఉండాలని కోరుకుంటూ వెళ్ళాను.

రామాంజులు ఇంటి ముందు ఆటో ఆగింది. లోపల మగ్గం ఆడుతోంది.

చెప్పులు కూడా విడవకుండా లోపలికి పోయాను. గుంటలో కాళ్ళు పెట్టుకుని రామాంజులు నేస్తున్నాడు. ఆపండి, ఆపండి అని అరిచాను. అతను ఉలిక్కిపడి అడ్డపోగు తోసే నాడె వదిలేశాడు. నేను ఆయాసపడుతూ, అంచు తప్పు, అంతా తప్పు, నాదే తప్పు అని ఏదేదో అన్నాను. అతను నన్ను చూశాడు, మగ్గాన్ని చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు.

"అంచు యాడుండాది మేడమ్ ఇందులో?"

వంగి చూశాను. అడ్డంగా పడుతున్నది పట్టు కాదు, తెల్ల నూలు పేక. అంచే లేదు. కొత్త పడుగు పోగుల్ని, మగ్గంతోపాటు వచ్చిన పాత పడుగు కొసలకు ఒక్కొక్కటే అతికిస్తారు. ఆ అతుకు దాటేదాకా నేసింది చీరకు పనికిరాదు. అందుకని వట్టి నూలుతో నేసి దాటిస్తున్నాడు. హంసల అట్టలు మగ్గం మీద లేవు. గోడకు తగిలించి ఉన్నాయి. కొన్ని అట్టలకు ఎర్ర దారం ముక్కలు కట్టి ఉన్నాయి. లెక్కపెట్టాను. తొమ్మిది.

గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాను. రామాంజులు భార్య ఓబుళమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. నిన్నటి నుంచి పైపైనే తిరుగుతున్న ప్రాణం అప్పుడు లోపలికి దిగింది.

తర్వాత తెలిసిన సంగతి ఇది. నంజుండప్ప గారు ఏ అంచు పంపినా దానితోపాటు ఒక దారం పంపుతారు. వరసకొక ముడి. ఆ వరసలో నిండిన గళ్ళు సరిసంఖ్య అయితే తెల్ల ముడి, బేసి అయితే ఎర్ర ముడి. నూట ఇరవై వరసలకు నూట ఇరవై ముడులు. కాగితాలు కండక్టర్ల చేతుల్లో తడిసి, నలిగి వచ్చే రోజుల్లో ఆయన గురువు పెట్టిన ఆచారమట. ఇక్కడ ఓబుళమ్మ అట్టలు ముందేసుకుని, బెజ్జాలు రెండేసి లెక్కపెడుతూ దారంతో సరిచూస్తుంది. చింతగింజలతో సరి-బేసి ఆడినట్టే. ముడికీ అట్టకూ కుదరకపోతే ఆ అట్టకు ఎర్ర దారం కడుతుంది. తర్వాత ఆ వరసలు మాత్రం ఫోన్లో అడిగి రాసుకుంటారు. ఈసారి తొమ్మిది కుదరలేదు. ఫోన్ పలకలేదు. అందుకని అట్టలు మగ్గం ఎక్కించకుండా ఆగారు.

మరి ఏదీ బస్సులో పంపొద్దన్నాను కదా అని అడిగాను, అడక్కుండా ఉండలేక.

రామాంజులు నవ్వాడు. "పెద్దాయన కండక్టరుతో చెప్పి పంపినాడు మేడమ్. మేడమ్ కాగితం పంపొద్దనింది, దారం పంపొద్దనలే అని."

ఆయన గడప దగ్గర చెప్పబోయిన మాట అదే. నేను వినకుండా పరిగెత్తాను. విని ఉంటే హాయిగా హిందూపురంలో మధ్యాహ్న భోజనం చేసి, లైను బాగయ్యాక ఫోన్ చేసుకునేదాన్ని. నా తొందరకు నేనే మొట్టికాయ వేసుకున్నాను. అయితే ఆ తొందర పూర్తిగా దండగ కూడా కాలేదు, వినండి.

డెబ్బై మూడో వరస

తడిసి ఆరిన అసలు కాగితాన్ని నేల మీద పరిచాం. నేను వరస చదువుతుంటే ఓబుళమ్మ అట్ట చూసేది. ముందు ఆ తొమ్మిది అట్టలే చూద్దామన్నాడు రామాంజులు. మొత్తం నూట ఇరవై చూడాల్సిందేనని నేను పట్టుబట్టాను. ఎందుకంటే ఒకే వరసలో రెండు గళ్ళు తప్పితే సరి సరిగానే ఉంటుంది, బేసి బేసిగానే ఉంటుంది, దారానికి దొరకదు. చూస్తే అలాంటి వరస ఒకటి ఉంది, నలభై ఒకటోది. హంస మెడ దగ్గర ఒక గడి పోయి, పక్కన ఇంకొకటి చేరింది. ఓబుళమ్మ ఆ అట్టను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఇన్నాళ్ళలో దారం తప్పించుకున్న వరస ఆమె కంటపడటం అదే మొదటిసారట.

దారం పట్టుకున్న తొమ్మిదిలో ఎనిమిది కాగితం మీద స్పష్టంగా ఉన్నాయి. చకచకా దిద్దుకున్నాం. మిగిలింది డెబ్బై మూడు. సిరా పాకిన మూల సరిగ్గా దాని మీదే పడింది. ఆ వరసలో గళ్ళన్నీ తెలుస్తున్నాయి, హంస ముక్కు కొసన ఒక్కటి తప్ప. ఆ గడి ఎర్రగా ఉంది. నంజుండప్ప గారు నింపిన ఎరుపో, పక్కనుంచి వాన లాక్కొచ్చిన ఎరుపో చెప్పడం ఎవరి తరమూ కాలేదు. అట్ట మీద ఆ వరస మొత్తం గందరగోళం, దాన్ని నమ్మే పని లేదు. ఫోన్ ఇంకా చచ్చే ఉంది. ఆ గడి నిండితే ముక్కు నిలుస్తుంది, లేకపోతే హంస మొండిముక్కుతో చీర పొడుగునా నడుస్తుంది. షావుకారు కన్ను ముందు పడేది దాని మీదే.

రామాంజులు గడ్డం గోక్కున్నాడు. నేను ఆ గడిని వెలుతురుకు పెట్టి, వెనక్కి తిప్పి, మళ్ళీ పెట్టి చూశాను. ఓబుళమ్మ మాత్రం కాగితాన్ని వదిలేసి దారం అందుకుంది. గోడకు చేరగిలబడి, ముడులు వేలితో తడుముకుంటూ, పెదవులు కదిలిస్తూ డెబ్బై మూడు దాకా వెళ్ళింది. అక్కడ ఆగి, వేలు అలాగే ఉంచి నన్నడిగింది.

"ఆ గడి కాకుండా ఎన్నుండాయి మేడమ్?"

లెక్కపెట్టాను. ఇరవై రెండు. మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై రెండే.

ఆమె వేలు తీసింది. కింద ఎర్ర ముడి.

"బేసి. నిండాల్సిందే," అంది.

రామాంజులు సూది లాంటి పనిముట్టు తీసుకుని, కొత్త అట్ట మీద ఆ ఒక్క బెజ్జం పొడిచాడు. చిన్న చప్పుడు. నేను ఎన్ని నెలలు కాగితాల మీద లెక్కలు కట్టానో. జ్ఞాపకం మీద గీసిన కాగితం సగం అబద్ధం, వానకు తడిసిన కాగితం ఇంకో సగం అబద్ధం, దారానికి కూడా కనపడనివి ఉన్నాయి. మూడింటినీ పక్కపక్కన పెడితే హంస మొత్తం దక్కింది.

మధ్యాహ్నానికి అతుకు దాటింది. అట్టలు మగ్గమెక్కాయి. మొదటి హంస తేలేదాకా నేను కదల్లేదు. జరీలో ముక్కు కొస నిలిచింది. రామాంజులు గుంటలోంచి తలెత్తి భార్య వైపు ఒక్కసారి చూశాడు. ఆమె వెళ్ళి పొయ్యి ముట్టించింది.

బెంగళూరు వెళ్ళాక తీసేసిన లెక్కను మళ్ళీ పెట్టాను. వరసలకొకటి, నిలువు గళ్ళకొకటి, రెండూ పెట్టాను, నలభై ఒకటో వరస లాంటివి తప్పించుకోకుండా. పదకొండు నిమిషాలు పన్నెండయ్యాయి. మా మేనేజరు సణిగాడు. సణగనిచ్చాను.

కానీ అది తర్వాతి మాట. ఆ మధ్యాహ్నం వీధి చివర బూత్‌లో లైను తిరిగి వచ్చిందని తెలిసి పరిగెత్తాను. హిందూపురం కలిసింది. నంజుండప్ప గారి గొంతు వినగానే చెప్పాల్సినవన్నీ ఒక్కసారిగా మీదికొచ్చాయి. కాగితం తడిపేశానని చెప్పాలి. మీ మాట వినకుండా పరిగెత్తినందుకు క్షమించమనాలి. బస్సు, ఇరుసు, మార్తమ్మ గారు, అన్నీ చెప్పాలి. ఏదీ నోట రాలేదు.

"పెద్దాయనా, తొమ్మిది వరసలు. డెబ్బై మూడుకు ముడి చూసుకున్నాం," అన్నాను.

ఆయనకు ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. కాగితం తడిసిందని కూడా ఆయనకు అర్థమైపోయింది, లేకపోతే ముడిదాకా ఎందుకు పోతాం.

"అన్నం తిన్న్యావామ్మా?" అన్నారు.

రెండు రోజులుగా ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. బూత్ ఆయన కంగారుపడి లేచి నిలబడ్డాడు. చెంగుతో మొహం తుడుచుకుని, ఆయన మాటల్లోనే జవాబు చెప్పాను.

"ఓబుళమ్మ చేస్తాండాది. పోయి తింటాను."